డ్యాన్స్ రికార్డును కూర్చుని విన్నారు: మడోనా 2005 ఆల్బమ్‌కు వచ్చిన సమీక్షల కథ

2005 నవంబరులో మడోనా పదో స్టూడియో ఆల్బమ్ ‘కన్ఫెషన్స్ ఆన్ ఎ డ్యాన్స్ ఫ్లోర్’ వచ్చినప్పుడు అమెరికా, బ్రిటన్ పత్రికల సమీక్షలు ఎక్కువ భాగం మెచ్చుకున్నవే. సమీక్షల మార్కులన్నీ కలిపి సగటు తీసే మెటాక్రిటిక్ సైటులో దానికి నూటికి 80 వచ్చాయి. అంతకు ముందు 2003లో వచ్చిన ‘అమెరికన్ లైఫ్’కు అదే సైటులో వచ్చింది 60. మార్కులు చూస్తే విమర్శకులు ఈ ఆల్బమ్‌ను సరిగ్గానే అందుకున్నారనిపిస్తుంది. ఆ సమీక్షల్లో పదే పదే కనిపించే మాటలను పట్టించుకుంటే మాత్రం సంగతి వేరుగా ఉంది. చాలామంది మెచ్చుకున్నది ఆమె కెరీర్‌లో వచ్చిన మలుపును. రికార్డు ఎలా కట్టారు, అది వినేవాళ్ళ ఒంట్లో ఏం చేస్తుంది అన్న ప్రశ్నలకు దక్కిన చోటు తక్కువ. ‘మళ్ళీ దారిలో పడింది’ అన్నది తీర్పు. ఏ దారి, ఎందుకు పడింది, పడ్డాక ఏం చేసింది అన్నది చాలా చోట్ల రెండు మూడు వాక్యాల్లో తేలిపోయింది.

ఈ తేడా చిన్నదేం కాదు. వయసు మీద పడిన పాప్ గాయని డ్యాన్స్ ఆల్బమ్ చేసిన ప్రతిసారీ దాదాపు ఇదే జరుగుతోంది. మడోనా ఆల్బమ్ అందుకు బాగా నిలిచే ఉదాహరణ, ఎందుకంటే అది నచ్చని ఆల్బమ్ కాదు. తిట్టిన సమీక్షలో ఉన్న పక్షపాతం తేలిగ్గానే దొరుకుతుంది. పొగిడిన సమీక్షలో ఉన్నదాన్ని పట్టుకోవాలంటే కాస్త వెతకాలి.

ముందు ‘అమెరికన్ లైఫ్’ సంగతి. 2003 వసంతంలో, ఇరాక్ మీద అమెరికా దాడి మొదలైన రోజుల్లోనే వచ్చిందది. యుద్ధ దృశ్యాలతో తీసిన టైటిల్ పాట వీడియోను మడోనాయే అమెరికాలో విడుదల కాకముందే వెనక్కి తీసుకుంది. ఆల్బమ్ మొదటి వారం అమెరికా జాబితాలో మొదటి స్థానంలోకి వచ్చినా తర్వాత అమ్మకాలు పడిపోయాయి. పేరు ప్రఖ్యాతులు, డబ్బు, అమెరికన్ కల గురించి ఆమె గిటారు పట్టుకుని, సంగీత నిర్మాత మిర్వాయిస్ అహ్మద్‌జాయ్ ఎలక్ట్రానిక్ శబ్దాల మధ్య పాడిన పాటలు విమర్శకులకు ఉపన్యాసాల్లా తోచాయి. అందుకే 2005 సమీక్షల్లో వినబడే ఊరట అంతా ఇంతా కాదు. రాజకీయం లేదు, ప్రసంగం లేదు, హాయిగా నాట్యం ఉంది అన్నదే ఆ ఊరట. అంటే కొత్త ఆల్బమ్‌కు పడిన మార్కుల్లో కొంత వాటా పాత ఆల్బమ్‌లో ఉన్నవి ఇందులో లేనందుకు పడ్డవే.

మరి ఇందులో ఉన్నదేమిటి?

లండన్‌లోని మైడా వేల్ ప్రాంతంలో స్టువర్ట్ ప్రైస్ అనే యువ సంగీత నిర్మాత ఇల్లుంది. ఆ ఇంటి పైభాగంలోని చిన్న స్టూడియోలోనే ఈ ఆల్బమ్ ఎక్కువ భాగం తయారైంది. ప్రైస్ అప్పటికే ‘లె రిద్మ్ డిజిటాల్’, ‘జాక్ లు కాంట్’ లాంటి మారుపేర్లతో రీమిక్సులు చేసి క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్నాడు. మడోనా 2001, 2004 సంగీత యాత్రలకు సంగీత దర్శకుడిగా పనిచేశాడు. పెద్ద స్టూడియోల హంగు లేని ఆ గదిలో వీళ్ళు ఎంచుకున్న పద్ధతి ఒక్కటే: పన్నెండు పాటలూ మధ్యలో ఖాళీ లేకుండా ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తూ, డీజే రాత్రంతా నడిపే సెట్‌లా సాగాలి. ఆపకుండా మొత్తం వింటే గంటకు కాస్త తక్కువ. ప్రైస్ డీజేగా వెళ్ళిన చోట్లకు ఈ పాటల గొంతు లేని వెర్షన్లను పట్టుకెళ్ళి వేసి చూసేవాడు. అది మడోనా పాట అని అక్కడ ఆడేవాళ్ళకు తెలియదు. జనం ఎక్కడ ఊపందుకున్నారో, ఎక్కడ తగ్గారో చూసుకుని వచ్చి పాటను సరిచేసేవాడు. పాట పేరు, గాయని పేరు, ఆమె వయసు ఏవీ తెలియని జనం ఇచ్చిన తీర్పుతో ఈ రికార్డు రూపుదిద్దుకుంది. విమర్శకుల చేతికి వచ్చేసరికి ఆ మూడూ ముందుకొచ్చాయి.

మొదటి పాట ‘హంగ్ అప్’ తొలి నిమిషం చూస్తే చాలు. గడియారం ముల్లు చప్పుడు మొదట. దాని మీద మడోనా గొంతు, కాలం నెమ్మదిగా కదులుతోందని ఒకే ముక్కను తిప్పి తిప్పి అంటుంది. (ఆ ముక్క కొత్తదేం కాదు. 1989లో ప్రిన్స్‌తో కలిసి పాడిన పాటలోంచి ఆమె తీసుకున్నదే.) వెనకాల ఎక్కడో ‘ఆబా’ బృందం 1979 పాట ‘గిమ్మీ! గిమ్మీ! గిమ్మీ!’లోని సింథసైజర్ వరస మూసుకుపోయినట్టు, మందంగా వినిపిస్తుంది. క్లబ్బు బయట క్యూలో నిలబడ్డవాళ్ళకు గోడ అవతలి సంగీతం అలాగే వినబడుతుంది: పై స్వరాలు లేవు, అదురు మాత్రమే ఉంటుంది. తర్వాత ఆ పై స్వరాలను ఆపి ఉంచిన ఫిల్టర్ కొద్దికొద్దిగా తెరుచుకుంటుంది. పై స్వరాలు ఒక్కొక్కటే లోపలికి వస్తాయి. తలుపు తీసుకుని లోపలికి అడుగుపెట్టినట్టు ఒక్కసారిగా మొత్తం వరస, కింద డ్రమ్ము, అన్నీ కలిసి పడతాయి. మాటల్లో ఉన్న విషయం ఫోన్ కోసం ఎదురుచూసి విసిగిపోయిన మనిషి గోడు. ఆ ఎదురుచూపును మాటలకంటే ముందు ఫిల్టర్ చెప్పేసింది. ఆడేవాళ్ళను ఆపి ఉంచి, ఆపి ఉంచి, వదలడం అనే పనే ఇక్కడ అర్థం.

ఆబా వాళ్ళు తమ పాటల ముక్కలు వాడుకోనివ్వడం చాలా అరుదు. అంతకు ముందు 1996లో ఫ్యూజీస్ బృందానికి ఒక్కసారి ఒప్పుకున్నారు. మడోనా తన మనిషి చేత స్టాక్‌హోమ్‌కు ఉత్తరం పంపి, బెన్నీ ఆండర్సన్, బియోర్న్ ఉల్వేయస్‌లను అడిగించుకుంది. ఈ కథ దాదాపు అందరూ రాశారు, రాయదగ్గదే. అయితే అనుమతి ఎలా దొరికిందో రాసినంత వివరంగా ఆ ముక్కను ప్రైస్ ఏం చేశాడో రాసినవాళ్ళు తక్కువ. అలా చాలా సమీక్షల్లో ‘హంగ్ అప్’ అంటే ‘ఆబా పాట వాడిన పాట’ అయి ఊరుకుంది.

పాటల్ని ఒక్కొక్కటిగా విడదీసి మార్కులు వేయడం మరో ఇబ్బంది. అప్పట్లో ఐట్యూన్స్‌లో పాట 99 సెంట్లకు విడివిడిగా అమ్ముడవుతున్న కాలం. ఆల్బమ్ అనే మాటకే విలువ తగ్గుతున్న ఆ రోజుల్లో మడోనా, ప్రైస్ విడదీయడానికి వీల్లేని ఆల్బమ్ చేశారు. డిజిటల్ అమ్మకాల కోసం కలపని వెర్షన్ కూడా వదలాల్సి వచ్చింది గానీ అసలు రూపం కలిపినదే. నాలుగో పాట ‘ఫ్యూచర్ లవర్స్’ ఎందుకు అంత సేపు ఒకే అదురు మీద నడుస్తుందో తెలియాలంటే ముందు ‘సారీ’ ఎంత బిగువుగా ముగిసిందో చెవిలో ఉండాలి. ఈ ‘సారీ’లో ఫ్రెంచి, స్పానిష్, జపనీస్, హీబ్రూలతో పాటు హిందీలో ‘ముఝే మాఫ్ కర్ దో’ కూడా వినిపిస్తుంది, మన దగ్గర చాలామందికి గుర్తుండేది ఆ ఒక్క ముక్కే. ‘ఫ్యూచర్ లవర్స్’ డోనా సమ్మర్ 1977 పాట ‘ఐ ఫీల్ లవ్’కు ఎత్తిన హారతి. నిర్మాత జార్జియో మొరోడర్ ఆ పాటలో సింథసైజర్ మీద కట్టిన ఆగని బేస్ నడకే ఇక్కడ నేల. తర్వాతి ఏడాది యాత్రలో మడోనా ఈ రెండు పాటలనూ కలిపేసి పాడింది కూడా. దీన్ని విడిగా తీసి ‘పల్లవి బలంగా లేదు’ అంటే అది నిజమే కావచ్చు. పల్లవి కోసం రాసిన పాట కాదది.

విమర్శకులు తప్పు పట్టినవాటిలో న్యాయమైనవీ ఉన్నాయి. ‘ఐ లవ్ న్యూయార్క్’లో నగరం పేరుకు ‘డోర్క్’ అని ప్రాస కుదిర్చిన చోట నవ్వుకోని సమీక్షకుడు లేడేమో. ఆ పాట మాటలు నిజంగానే పేలవం. లండన్, పారిస్‌లను తీసిపారేసి న్యూయార్క్‌ను ఎత్తడంలో కొత్తదనమూ లేదు, చమత్కారమూ లేదు. కానీ డ్యాన్స్ ఆల్బమ్ మొత్తానికి ఆ ఒక్క ప్రాసే ప్రతినిధి అయిపోవడం, మాటల మీద అంత దృష్టి పెట్టి అమరిక మీద అందులో సగం కూడా పెట్టకపోవడం దగ్గరే తేడా కొట్టింది.

ఇంకా పెద్ద ఫిర్యాదు రెండో సగం మీద. మొదటి సగం అద్భుతం, తర్వాత ఊపు తగ్గింది, మడోనా మళ్ళీ ఆధ్యాత్మికతలోకి, తన పేరు ప్రతిష్ఠల గోలలోకి వెళ్ళిపోయింది అన్నది రకరకాల పత్రికల్లో కనిపించిన మాట. అదే సమయంలో ఇంకో ఫిర్యాదు కూడా వచ్చింది: పేరులో ఒప్పుకోళ్ళు (కన్ఫెషన్స్) ఉన్నాయి, లోపల లేవు అని. ఈ రెండు ఫిర్యాదులూ ఒకదానికొకటి పొసగవు. మనసు విప్పే పాటలు ఉన్నది సరిగ్గా ఆ వెనక భాగంలోనే. ‘లెట్ ఇట్ విల్ బి’లో విజయం ఎలా ఉంటుందో, నక్షత్రాలు ఎలా రాలతాయో తనకు తెలుసంటుంది. ‘హౌ హై’లో ఇంత ఎత్తుకు ఎక్కడం వల్ల ఒరిగిందేమిటని తననే అడుగుతుంది. చివరి పాట ‘లైక్ ఇట్ ఆర్ నాట్’లో వేగం తగ్గి, మీకు నచ్చినా నచ్చకపోయినా ఇదే నేను అని నిలబడుతుంది. మొదట అంతా గుంపులో వెలుగు, పోను పోను లోపలికి తిరిగే చూపు: రాత్రి డ్యాన్స్‌కు వెళ్ళినవాళ్ళకు తెల్లవారుజామున జరిగేదే ఇది. మడోనా, ప్రైస్ ఆల్బమ్‌ను కావాలనే తేలికగా మొదలుపెట్టి చీకటివైపు నడిపించారు. ఆ నడకను గుర్తిస్తే రెండో సగం నీరసం కాదు, మొదటి సగం ఎటు పోతోందో చెప్పే భాగం. ‘పుష్’ మామూలు పాట, ‘హౌ హై’ కాస్త సాగింది, అవి అలాగే ఉండనీ. వాటితో సహా చూసినా ఆ అమరిక నిలబడుతుంది.

‘ఐజాక్’ పాట మీద జరిగిన గొడవ ఇంకా విచిత్రం. ఆల్బమ్ విడుదలకు ముందే ఇజ్రాయెల్‌లో కొందరు రబ్బీలు, అంటే యూదు మతగురువులు, అభ్యంతరం చెప్పారు. కబాలా అనే యూదు మార్మిక సంప్రదాయానికి 16వ శతాబ్దపు గురువైన ఐజాక్ లూరియా పేరును ఆమె వ్యాపారానికి వాడుకుంటోందన్నది వాళ్ళ ఆరోపణ. పాటలో హీబ్రూ భాగం పాడిన యిట్జాక్ సిన్వానీ పేరే పాటకు పెట్టామని మడోనా చెప్పింది. అతను పాడింది 17వ శతాబ్దపు యెమెన్ యూదు కవి షాలోం షబాజీ రాసిన ‘ఇమ్ నిన్‌ఆలు’ పంక్తులు. ఆ పద్యాన్ని ఇజ్రాయెల్ గాయని ఓఫ్రా హాజా 1980లలోనే పాడింది, దాని డ్యాన్స్ రీమిక్సు 1988లో యూరప్ క్లబ్బులన్నిటా మోగింది. అంటే ఈ పద్యానికి డ్యాన్స్ ఫ్లోర్ కొత్తేమీ కాదు. కానీ 2005లో ఈ పాట మీద రాసిన చాలామంది దాన్ని మడోనా కబాలా పిచ్చిలో భాగంగానే చూశారు. షబాజీ నుంచి హాజాకు, హాజా నుంచి సిన్వానీకి వచ్చిన వరస పట్టించుకున్నవాళ్ళు కొద్దిమంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? సమీక్షకులకు చెవులు లేక కాదు. వాళ్ళు నేర్చుకున్న కొలబద్ద వేరు. ఇంగ్లిషు సంగీత విమర్శ 1960ల చివర రాక్ సంగీతంతో పాటే పెరిగింది. తన పాట తనే రాసుకుని, తన బాధ తనే చెప్పుకుని, గిటారు మీద వాయించేవాడు నిజమైన కళాకారుడు అన్నది దాని పునాది. ఆ కొలతలో డ్యాన్స్ పాట ముందే సగం ఓడిపోతుంది, ఎందుకంటే దాన్ని నిర్మాత కడతాడు, యంత్రం వాయిస్తుంది, మాటలు కొద్దిగా ఉండి తిరిగి తిరిగి వస్తాయి. దీనికి తోడు డిస్కో మీద ఉన్న కోపం. 1979 జులై 12న షికాగో కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో స్టీవ్ డాల్ అనే రేడియో వ్యాఖ్యాత ఆధ్వర్యంలో డిస్కో రికార్డులను పోగేసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకి గందరగోళం చేయడంతో ఆ రోజు జరగాల్సిన రెండో ఆటే రద్దయింది. డిస్కో నల్లజాతివాళ్ళ, లాటినోల, స్వలింగ సంపర్కుల క్లబ్బుల్లో పుట్టిన సంగీతం. దాని మీద అంత కసి ఎందుకు వచ్చిందో చెప్పడానికి అది చాలు. గ్రామీ వాళ్ళు డిస్కోకు ప్రత్యేకంగా అవార్డు పెట్టి 1980లో ఒకే ఒక్కసారి ఇచ్చి ఎత్తేశారు. గ్లోరియా గేనర్ ‘ఐ విల్ సర్వైవ్’కు దక్కిందది. మళ్ళీ డ్యాన్స్ పాటకంటూ ఒక విభాగం రావడానికి 1998 దాకా ఆగాల్సి వచ్చింది.

2004 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్‌లో విమర్శకుడు కెలెఫా సన్నే ఈ రాక్ కొలబద్ద మీద ఒక వ్యాసం రాశాడు. పాప్, డిస్కో, హిప్ హాప్‌లను రాక్ నియమాలతో కొలిచి తక్కువ చేయడం ఎంత అన్యాయమో అందులో సూటిగా చెప్పాడు. విమర్శకుల మధ్య పెద్ద చర్చే నడిచింది. మడోనా ఆల్బమ్ వచ్చింది సరిగ్గా దాని తర్వాతి ఏడాది. అందుకే 2005 సమీక్షల్లో రెండు స్వరాలు కలగలిసి వినిపిస్తాయి. పాప్‌ను, డ్యాన్స్‌ను ఇష్టపడటం తప్పు కాదన్న కొత్త ధైర్యం ఒకటి. ఇష్టపడినా దాన్ని ‘లోతు లేని ఆనందం’ అనే గీత లోపలే ఉంచాలన్న పాత అలవాటు ఇంకొకటి. ఆ ఏడాది బ్రిటన్ పత్రికల్లో కొన్ని ఆ గీత దాటి, ఈ ఆల్బమ్‌ను క్లబ్బు సంగీత చరిత్రలో పెట్టి చదివాయి. వాటిలో కనిపించే శ్రద్ధ మిగతావాటికీ సాధ్యమేనని చెప్పడానికి అవే సాక్ష్యం.

కొలబద్దకు వయసు కూడా తోడైంది. అప్పుడు మడోనాకు 47 ఏళ్ళు. ‘హంగ్ అప్’ వీడియోలో గులాబి రంగు లియోటార్డ్ (ఒంటికి అతుక్కునే నాట్య దుస్తులు) వేసుకుని నాట్య సాధన చేసే స్టూడియోలో ఆడింది. ఆ ఆగస్టులో, పుట్టినరోజు నాడే, గుర్రం మీద నుంచి పడి మెడ కింది కాలర్ ఎముకా పక్కటెముకలూ విరగ్గొట్టుకుని కొన్ని వారాలకే ఆ వీడియోలో ఆడింది. రాతల్లో ఆమె శరీరం గురించి, ఈ వయసులో ఇది తగునా అన్న ప్రశ్న గురించి దొర్లినన్ని మాటలు పాట బేస్‌లైన్ గురించి దొర్లలేదు. సరిగ్గా రెండు నెలల ముందు, 2005 సెప్టెంబరులో రోలింగ్ స్టోన్స్ బృందం ‘ఎ బిగ్గర్ బ్యాంగ్’ తెచ్చింది, మిక్ జాగర్ వయసు 62. అదే నెలలో 63 ఏళ్ళ పాల్ మెకార్ట్నీ తెచ్చిన ‘కేయాస్ అండ్ క్రియేషన్ ఇన్ ది బ్యాక్‌యార్డ్’ గ్రామీ ఉత్తమ ఆల్బమ్ పోటీలో నిలిచింది. మరుసటి ఏడాది 65 ఏళ్ళ బాబ్ డిలన్ ‘మోడర్న్ టైమ్స్’ను రోలింగ్ స్టోన్ పత్రిక 2006 సంవత్సరపు ఉత్తమ ఆల్బమ్ అంది. వాళ్ళకూ వయసు గుర్తుచేశారు, కానీ అక్కడ వయసు అంటే అనుభవం, చెక్కుచెదరని సత్తువ. మగవాడి గొంతు బొంగురుపోతే అందులో జీవితం వినిపించింది. ఆడమనిషి గొంతు యంత్రంలోంచి వస్తే అందులో దాపరికం వినిపించింది.

మన దగ్గర ఈ సమస్య ఇలా కనబడదు. దానికి కారణం మన ఔదార్యం అనుకోవడానికి లేదు. తెలుగులో ఆల్బమ్ అంటే దాదాపుగా సినిమా ఆడియోనే, తెర మీద కనిపించేది కథానాయిక. పి. సుశీల, ఎస్. జానకి యాభై దాటాక కూడా ఇరవై ఏళ్ళ అమ్మాయిల పాత్రలకు పాడారు. ఆ గొంతు వయసెంతని ఎవరూ అడగలేదు, ఎందుకంటే నేపథ్యగానంలో గాయని కనిపించదు. తెర ముందుకు వచ్చిన ఆడవాళ్ళకు, అంటే మన కథానాయికలకు, ఏ వయసులో ఎలాంటి పాత్రలు మిగులుతాయో చూస్తే మడోనాను అడిగిన ప్రశ్న మనకూ కొత్త కాదని తెలిసిపోతుంది.

విమర్శకులు కొంతైనా ఆదరించారు, అమెరికా రేడియో అదీ చేయలేదు. ‘హంగ్ అప్’ 41 దేశాల్లో మొదటి స్థానానికి వెళ్ళి గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. అమెరికా హాట్ 100 జాబితాలో ఏడో స్థానం దగ్గర ఆగింది. ‘సారీ’ బ్రిటన్‌లో మొదటి స్థానం, అమెరికాలో 58. అక్కడి రేడియోలో అప్పుడు హిప్ హాప్, ఆర్ అండ్ బీ రాజ్యం చేస్తున్నాయి, నాలుగు సమాన బీట్ల క్లబ్బు పాటకు చోటు తక్కువ. అది ఒక కారణం. వయసు మరో కారణమని అభిమానులు నమ్మారు, పెద్ద రేడియో సంస్థ క్లియర్ చానెల్‌కు ఆన్‌లైన్‌లో సంతకాల వినతి పంపారు. ఇన్ని ఇబ్బందుల మధ్యా ఆల్బమ్ అమెరికాలో మొదటి వారం 3,50,000 కాపీలు అమ్ముడై మొదటి స్థానంలోకి వచ్చింది. అంటే కొనేవాళ్ళున్నారు, వినిపించేవాళ్ళే లేరు. 2006 యాత్రలో 60 ప్రదర్శనలకు వసూళ్ళు 19 కోట్ల డాలర్లు దాటాయి.

2007 ఫిబ్రవరి గ్రామీల్లో ఈ ఆల్బమ్‌కు ఉత్తమ ఎలక్ట్రానిక్, డ్యాన్స్ ఆల్బమ్ అవార్డు వచ్చింది. ఉత్తమ ఆల్బమ్ పోటీలో పేరే లేదు. ఆ పోటీలో ఉన్న ఐదింటిలో ఒకటి జస్టిన్ టింబర్‌లేక్ ‘ఫ్యూచర్‌సెక్స్/లవ్‌సౌండ్స్’. అదీ క్లబ్బు శబ్దాల మీద కట్టిన ఆల్బమే, అక్కడా పాటల మధ్య కలిపే ముక్కలున్నాయి. చేసినవాడి వయసు 25. అతని ఆల్బమ్ గొప్పది కాదని అనడానికి లేదు. అదే పనిని అతను చేస్తే ముందుకు వేసిన అడుగు, ఆమె చేస్తే వెనక్కి తిరిగి రావడం అయ్యాయన్నదే ఇక్కడ గమనించాల్సింది.

మడోనాకు ముందు అమెరికన్ గాయని షేర్ విషయంలోనూ ఇదే కథ. 1998లో, 52 ఏళ్ళ వయసులో ఆమె పాడిన ‘బిలీవ్’ అమెరికాలో, బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళింది. మార్క్ టేలర్, బ్రయన్ రాలింగ్ అనే నిర్మాతలు గొంతు శ్రుతిని సరిచేసే ఆటోట్యూన్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌ను దాని హద్దు దాకా లాగి, గొంతు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారకుండా మెట్లు దిగినట్టు పడేలా చేశారు. రహస్యం బయటపడకూడదని మొదట్లో అది వోకోడర్ (గొంతును యంత్రపు శబ్దంలా మార్చే పరికరం) పని అని చెప్పారు కూడా. పాడలేక యంత్రం పెట్టుకుందన్న ఎగతాళి అప్పుడు వచ్చింది. షేర్‌కు పాడటం రాక కాదు, ఆ గొంతు బలం గురించి ఎవరికీ అనుమానం ఉండదు. తర్వాతి ఇరవై ఏళ్ళ పాప్, హిప్ హాప్ ఆ శబ్దం మీదే నడిచాయి. ఆ ఘనత మాత్రం చాలా కాలం షేర్‌కు కాకుండా, ఆమె తర్వాత అదే వాడిన కుర్ర గాయకులకు దక్కింది.

2023లో ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్ ‘పడామ్ పడామ్’ వచ్చినప్పుడూ మొదటి చర్చ పాట మీద జరగలేదు, బీబీసీ రేడియో 1 దాన్ని తన జాబితాలో ఎందుకు పెట్టలేదన్న దాని మీద జరిగింది. 2015లో మడోనా ‘లివింగ్ ఫర్ లవ్’కు కూడా ఆ స్టేషన్ జాబితాలో చోటు దొరకలేదు. కైలీ పాట చిన్న వీడియోల ద్వారా కుర్రకారులో పాకిపోయాక స్టేషన్ దిగివచ్చి చేర్చుకుంది. తర్వాతి ఫిబ్రవరిలో ఆ పాటకు గ్రామీ వచ్చింది, పాప్ డ్యాన్స్ అని కొత్తగా పెట్టిన విభాగంలో మొట్టమొదటి అవార్డు అదే. ఆమెకు అప్పటికి 55 ఏళ్ళు. 2016లో బిల్‌బోర్డ్ సన్మాన సభలో మడోనా మాట్లాడుతూ, వయసు పెరగడం ఆడదానికి పాపంగా లెక్కిస్తారని, రేడియోలో మీ పాట రాదని బాహాటంగానే చెప్పింది.

సమీక్షల్లో మాత్రం మార్పు వచ్చింది, అది మెచ్చుకోవాల్సిందే. 2022లో బియాన్సే ‘రినైసాన్స్’ తెచ్చింది. అదీ పాటకు పాటకు మధ్య ఖాళీ లేకుండా డీజే సెట్‌లా సాగే డ్యాన్స్ ఆల్బమే, చివరి పాటలో అదే డోనా సమ్మర్ ‘ఐ ఫీల్ లవ్’ తిరిగి వినిపిస్తుంది. ఈసారి సమీక్షకులు ఒక పాటలోంచి ఇంకో పాటలోకి మారే చోట్లను పేరు పెట్టి మరీ వర్ణించారు. ఏ క్లబ్బు సంప్రదాయం ఎక్కడి నుంచి వచ్చిందో, షికాగో క్లబ్బుల్లో పుట్టిన హౌస్ అనే డ్యాన్స్ సంగీతం ఎవరిదో, న్యూయార్క్ బాల్‌రూమ్ అనే వేషధారణ, నాట్య పోటీలు ఎవరివో వివరించారు. 2005లో మడోనా ఆల్బమ్‌కు దొరకని చదువు అది. 2023 గ్రామీల్లో ‘రినైసాన్స్’కు డ్యాన్స్ విభాగం అవార్డు వచ్చింది, ఉత్తమ ఆల్బమ్ హ్యారీ స్టైల్స్‌కు వెళ్ళింది. అప్పటికి ఆ పెద్ద అవార్డు దక్కిన, పూర్తిగా డిస్కో అనదగ్గ రికార్డులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు: 1979లో ‘సాటర్డే నైట్ ఫీవర్’ సినిమా పాటలు, 2014లో డాఫ్ట్ పంక్ ఆల్బమ్. రెండో దాన్ని మెచ్చుకున్నవాళ్ళు అందులో యంత్రాలకు బదులు మనుషులు వాయించారని ప్రత్యేకంగా చెప్పుకున్నారు. బియాన్సేకు ఉత్తమ ఆల్బమ్ అవార్డు 2025లో వచ్చింది, గిటార్లు, బాంజోలతో చేసిన ‘కౌబాయ్ కార్టర్’కు.